సోమప్ప దిద్దిన కళ్ళు

ముదిగుబ్బ పక్కల ఫోటో తీయించుకోవాలంటే ముందు చచ్చిపోవాలి. ఎగతాళి కాదు, పంతొమ్మిది వందల యాభైల్లో అక్కడి పద్ధతే అది. బతికున్న మనిషి బొమ్మ దిగితే ఆయుష్షులో కొంత ఆ నల్లపెట్టెలోకి పోతుందని జనం భయం. చచ్చినవాళ్ళకు పోయేదేముంది? అందుకని ఇంట్లో పెద్దప్రాణం పోగానే ఒకడు చుట్టాలకు కబురు చెప్పడానికి ఒక దిక్కుకు పరిగెత్తేవాడు, ఇంకొకడు ఫోటో సోమప్పను పిలవడానికి ఇంకో దిక్కుకు పరిగెత్తేవాడు.

సోమప్ప సన్నగా, పొడుగ్గా, ఎండిన తుమ్మకట్టెలా ఉండేవాడు. సైకిలు వెనక కెమెరా పెట్టె, దానిమీద మూడుకాళ్ళ స్టాండు, స్టాండు మీద నల్లగుడ్డ. ఆ సైకిలు ఏ వీధిలోకి తిరిగితే ఆ వీధిలో ముసలివాళ్ళు దగ్గడం ఆపేసేవాళ్ళు. మంచం పట్టి మాట పడిపోయిన ముసలాయన ఒకడు సోమప్ప సైకిలు గంట విని, లేచి, కొడవలి పట్టుకుని చేనికి పోయి కసువు కోసుకొచ్చాడు. ఆ తర్వాత ఆయన ఇద్దరు మనవళ్ళ పెళ్ళిళ్ళు కూడా చేశాడు. నమ్మనివాళ్ళు ముదిగుబ్బకు పోయి ఎవరినైనా అడగొచ్చు, ఇద్దరు కాదు నలుగురని చెప్పినా చెబుతారు.

ఇంత పేరున్న మనిషిని పెళ్ళికి మాత్రం ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. బారసాలకు పిలిచేవాళ్ళు కాదు. పొద్దున్నే ఎదురొస్తే కొందరు ఇంట్లోకి తిరిగిపోయి, గుక్కెడు నీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరేవాళ్ళు. టీ కొట్టులో ఆయన కూర్చున్న బల్లమీద రెండో మనిషి కూర్చునేవాడు కాదు. సోమప్ప దీనికి బాధపడేవాడా అంటే, బల్లంతా తనదే కాబట్టి కాళ్ళు చాపుకునేవాడు.

ఆయన పని ఇలా జరిగేది. శవాన్ని ఇంటిముందు ఎండలో కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళు. ఒరిగిపోకుండా వెనకనుంచి కండువాతో కట్టేవాళ్ళు. చుట్టూ కొడుకులు, కోడళ్ళు, మనవళ్ళు తాము బొమ్మలో పడనంత ఎడంగా, నీడ కూడా కదలకుండా నిలబడేవాళ్ళు. సోమప్ప నల్లగుడ్డలో దూరి, కెమెరా మూత తీసి, మూత పెట్టేవాడు. అయితే అచ్చు వేసిన తర్వాతే అసలు పని మొదలయ్యేది. బొమ్మ ఇంట్లో వేలాడాలంటే కళ్ళు తెరిచి ఉండాలి. కళ్ళు మూసుకున్న పెద్దమనిషి గోడమీద ఉంటే ఇల్లు చూసుకునేదెవరు? కాబట్టి సోమప్ప సన్న కుంచె నల్లరంగులో ముంచి, ఆ మూసిన రెప్పలమీద కళ్ళు రాసేవాడు.

మొదటిసారి అలా రాయాల్సి వచ్చినప్పుడు ఆయనకు చెమటలు పట్టాయి. ఆ రోజుల్లో భార్య చౌడమ్మ ఉండేది. బస్సులు ఆగే చోటుకు ఎదురుగా ఒకటే గది, అందులోనే కాపురం, అందులోనే స్టూడియో. సోమప్ప కుంచె పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంటే ఆమె పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చింది.

"ఏమైంది? కుంచె చేతికి అతుక్కపాయనా?"

"కండ్లు ఎట్లుంటాయో తెలీడంల్యా."

"ఇన్నేండ్లు ఎవురి మొగం సూడకుండానే బతికినావా?" అంటూ వచ్చి ఎదురుగా మఠం వేసుకుని కూర్చుంది. "ఇద్దో, నావి సూసి రాయి. నా ముందర తప్ప నువ్వు తల యాడ ఎత్తుతావు గానీ."

అది నిజమే. సోమప్ప ఎవరితో మాట్లాడినా వాళ్ళ కాళ్ళు చూసి మాట్లాడేవాడు. చౌడమ్మ కళ్ళు చూసి రాశాడు. కుడికన్ను ఎడమకన్ను కంటే వెంట్రుకవాసి చిన్నది. చూపు మాత్రం తమాషాగా ఉండేది, ఎదుటివాడు ఏదో వెర్రిపని చేయబోతున్నాడని ముందే తెలిసి, అయినా చేయనిచ్చేట్టు.

ఆమెకు ఫోటో తీయాలని సోమప్పకు ఎంత ఆశో! అడిగినప్పుడల్లా ఆమె ఒకటే మాట. "నేను సచ్చినాక తీద్దువులేబ్బా. అప్పుడైతే నేను నగను, నువ్వు వణకవు."

యాభైమూడో సంవత్సరం ఎండాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. అదే వారం శింగనమల పక్కన ఒక పెద్ద రైతు పోతే సోమప్పకు కబురొచ్చింది. చౌడమ్మే పొమ్మంది, జ్వరమే కదా అంది. సోమప్ప శింగనమల చెరువుగట్టు కింద ఆ పెద్ద రైతును కుర్చీలో కూర్చోబెట్టి, తలపాగా సర్ది, వెలుతురు సరిగ్గా పడేదాకా మధ్యాహ్నమంతా ఆగి, బంగారంలాంటి ఫోటో తీశాడు. తిరిగొచ్చేసరికి ముదిగుబ్బలో చౌడమ్మను మట్టిచేసి, అందరూ స్నానాలు కూడా చేసేశారు. ఆ ఎండలకు శవాన్ని ఆపలేకపోయామన్నారు. ఎవరిదీ తప్పు కాదు. చుట్టుపక్కల చచ్చినవాళ్ళందరికీ ఫోటో ఉంది, ఫోటోగ్రాఫరు పెళ్ళానికి లేదు.

ఆ తర్వాత సోమప్ప రాసిన ప్రతి ముఖంమీదా చౌడమ్మ కళ్ళే వచ్చాయి. కావాలని మొదలుపెట్టాడో, చేతికి వేరే దారి తెలియకో, ఆయనకే తెలియదు. ఒకసారి వట్టి తెల్లకాగితం మీద ఆ రెండు కళ్ళూ రాసి గోడకు అంటించుకున్నాడు. కళ్ళు వచ్చాయి గానీ ఆమె రాలేదు. కొత్త ఇంటికి కట్టే దిష్టి పటంలా ఉందని చించేశాడు. ఏదో ఒక ముఖం ఉండాలి, నుదురుండాలి, చెంపలుండాలి, అప్పుడే ఆ చూపు కుదురుగా కూర్చునేది. తన దగ్గర పాత ఫోటోలు మిగుల్చుకుందామన్నా కుదరదు. అద్దం పలకల మీద దిగిన బొమ్మను వేడినీళ్ళతో కడిగేసి, ఆ అద్దాన్నే ఫోటోకు ఫ్రేము కట్టేవాడు. కరువుకాలంలో కొత్త అద్దం యాడ దొరుకుతుంది?

అందుకని ఆమెను చూడాలనిపిస్తే సైకిలెక్కి ఏదో ఒక పల్లెకు పోయేవాడు. ఫోటో ఉన్న ఇంటిముందు దిగి, "అమ్మా, కొంచెం నీళ్ళు" అనేవాడు. చెంబు అందుకుని, గుటక గుటకకూ తల పైకెత్తి, గోడమీది పటాన్ని చూస్తూ తాగేవాడు. మైళ్ళు నడిచి బిందె నీళ్ళు తెచ్చుకునే ఆడవాళ్ళకు ఇది ఎలా ఉంటుంది? "ఈయప్పకు ఇంత దాహమేంది తల్లీ, పొద్దస్తమానం నల్లగుడ్డలో దూరి ఎండిపోయినాడేమో" అని గొణుక్కుంటూనే పోసేవాళ్ళు. ఆ చుట్టుపక్కల బావులన్నీ ఎండిపోవడానికి సగం కారణం వానలు, సగం కారణం సోమప్ప.

యాభైఎనిమిదిలో మద్రాసు నుంచి జీపొచ్చింది. సర్కారు కోసం చిన్న చిన్న సినిమాలు తీసేవాళ్ళట. డైరెక్టరు కళ్ళద్దాల మనిషి, తెలుగు వచ్చు గానీ గోదావరి పక్క తెలుగు. దేశంలో మారుమూల ఫోటోగ్రాఫర్లు ఎలా పనిచేస్తారో చూపించే బొమ్మ తీస్తున్నాడు. సోమప్ప సంగతి విని గంతులేశాడు.

"మీరు తీసిన ఫోటోలన్నీ ఒకచోట చూడాలండీ. దొరుకుతాయా?"

సోమప్ప ఆయన బూట్లు చూస్తూ ఆలోచించాడు. ఒక్కో ఇంట్లో ఒక్కో పటం ఉన్నంతకాలం ఎవరికీ ఏమీ తెలియదు. పక్కపక్కన పెడితే? వద్దనడానికి నోరు తెరిచాడు. నోట్లోంచి వచ్చింది మాత్రం, "తెప్పిస్తా సార్."

ఎద్దులబండి కట్టుకుని పల్లెపల్లెకూ పోయి పటాలు అడిగాడు. జనం పటాలు తుడిచి, కుంకుమ పెట్టి, ఊరికి పంపుతున్న ఆడపిల్లను సాగనంపినట్టు సాగనంపారు. "జాగ్రత్తప్పా, మా అవ్వకు బండి పడదు" అని ఒకామె పటం కింద బొంత కూడా పరిచింది. బడి గోడ నిండా పటాలు తగిలించారు. జనాన్ని తాడు కట్టి అవతల ఆపారు. కెమెరా ఒక చివరనుంచి మెల్లగా జరుగుతూ పోయింది. సోమప్పను గోడవైపు చూస్తూ నిలబడమన్నారు.

నిలబడ్డాడు. మీసాల కింద, ముడతల మధ్య, తలపాగాల నీడలో, బోసినోళ్ళ పైన, గోడంతా చౌడమ్మ. ఒక్కసారిగా, ఇంతమంది చౌడమ్మలు, వెర్రిపని చేస్తున్నావని తెలిసీ చేయనిస్తున్న చూపుతో. డైరెక్టరు "చాలండీ" అని అరిచినా సోమప్ప కదల్లేదు. "ఎంత సహజంగా నటించాడో!" అని డైరెక్టరు మెచ్చుకున్నాడు.

రెండేళ్ళకు ఆ బొమ్మ సంగతి పేపర్లో పడింది. బడి అయివారు శ్రీరంగప్ప మద్రాసు పేపరు పట్టుకుని టీ కొట్టుకు పరిగెత్తుకొచ్చాడు. ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పడంలో ఆయనకు సాటి లేదు, ఏ వార్తయినా ఆయన నోట్లో పడితే రెండింతలయ్యేది.

"సోమప్పా, నీ బొమ్మ ఢిల్లీ దాకా పోయిందయ్యా! ఇను, ఏం రాసినాడో. 'గోడమీద వయసులు వేరు, కులాలు వేరు, కానీ ప్రతి ముఖంలోనూ ఒకటే చూపు. అది కరువునేల చూపు. దర్శకుడు మాట్లాడకుండా ఒక సీమ దుఃఖాన్ని మాట్లాడించినాడు.' ఎట్లుండాది?"

సోమప్ప టీ గ్లాసు బల్లమీద పెట్టేశాడు. "ఒకటే చూపని రాసినాడా?"

"రాసినాడు. ఇంకో పేపరోడు తిట్టినాడనుకో. 'దేశమంతా ఆనకట్టలు కడతాంటే మనకీ పీనుగుల కొలువేంది' అన్నాడు. వానికేం తెలుసు!"

సోమప్పకు ఆ తిట్టు చెవికెక్కనే లేదు. మద్రాసులో చల్లగా కూర్చున్న మనిషికే కనబడింది. కరువు అనుకున్నాడు కాబట్టి సరిపోయింది. చౌడమ్మ ఎగతాళిగా చూస్తుంటే అందులో కరువు కనబడిందట! కానీ ముదిగుబ్బ జనం కరువును కొత్తగా గుర్తుపట్టాల్సిన పనిలేదు. వాళ్ళు మనుషులనే గుర్తుపడతారు. ఆ పటాలు గోడలమీద ఉన్నన్నాళ్ళే తనకు పెళ్ళాం ఉన్నట్టు. అవి దిగిపోతే ఏమీ లేదు.

నెల తిరక్కుండానే ఊరూరా సినిమాలు వేసే సర్కారు ప్రచారం వ్యాను వచ్చింది. బడి మైదానంలో తెర కడుతుంటే సోమప్ప డ్రైవరు దగ్గరకు పోయి బతిమాలాడు.

"అన్నా, ఆ ఫోటోల బొమ్మ ఒకటి వద్దన్నా. పంటలది వెయ్యి, మశూచి టీకాలది వెయ్యి."

"ఏమప్పా, నీ మొగం నీ ఊరికి సూపించేదానికే ఇంత దూరం వచ్చినాము. సిగ్గుపడతాండావా, పెండ్లికొడకా?"

పొద్దుగూకగానే ఊరంతా వచ్చి కూర్చుంది. పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. తమ పెద్దలను తెరమీద చూడటానికి కొందరు టెంకాయలు కూడా తెచ్చారు. సోమప్ప జనానికి వెనక, వ్యాను చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు.

మొదట సైకిలు కనబడింది. ఈలలు. "సైకిలు బాగుండాదిరా, తొక్కేటోడే బక్కోడు!" అని ఎవరో అరిస్తే నవ్వులు. తర్వాత గోడ. పటాలు ఒకటొకటిగా జరుగుతుంటే జనం చేతులు జోడించారు. "అద్దో, మా అవ్వ!" "మా చిన్నాయన!" ఎవరో తెరముందు టెంకాయ కొట్టారు.

గొర్రెల ఈరన్న ముందువరసలో ఉన్నాడు. ముదిగుబ్బ సంతలో ఆయన గొంతు వింటే గొర్రెలే ధర తగ్గించుకునేవి. ఆయన తండ్రి పటం వచ్చింది, తెరంత మీసాలతో. ఆ పక్కనే ఎవరో అవ్వ. ఈరన్న నవ్వబోయి ఆగాడు.

"ఏయ్, నిలపప్పా! వెనక్కి తిప్పు! ఇదేందిది? మా నాయనకూ ఆ అవ్వకూ ఒకటే కండ్లుండాయే!"

బొమ్మ వెనక్కి తిరగదు కదా, ముందుకే పోయింది. ఇప్పుడు అందరూ కళ్ళే చూస్తున్నారు. మైదానంలో గుసగుస పెద్దదైంది. కుడికన్ను చిన్నది, ఎడమకన్ను పెద్దది, కుడికన్ను చిన్నది. అప్పుడు ఆడవాళ్ళ వైపునుంచి హనుమక్క గొంతు వినబడింది. ఆమె మొగుడు లేని మనిషి, కూలికి పోయి బతికేది. చౌడమ్మతో చిన్నప్పటి స్నేహం. ఆమె అరవలేదు, తనలో తాను అనుకున్నట్టు అంది.

"అవి చౌడి కండ్లు గదా."

బొమ్మ అయిపోయింది. టీకాల బొమ్మ మొదలైనా ఎవరూ చూడలేదు.

"మా నాయన మీసాల మీద నీ పెండ్లాం కండ్లేందిరా?" అని ఈరన్న వ్యాను దగ్గరకు వచ్చి సోమప్ప చొక్కా పట్టుకున్నాడు. "ఇన్నేండ్లు మా ఇంట్లో ఆ యమ్మకా మేము దండం పెడతాండేది?"

సోమప్ప ఈరన్న చెప్పులు చూస్తూ ఉండిపోయాడు. కొట్టడానికి చేయెత్తిన ఈరన్నకు, ఈ మనిషిని ముట్టుకుంటే అశుభమని అప్పుడు గుర్తొచ్చింది. వదిలేసి చేయి దులుపుకున్నాడు.

మరునాటి నుంచి పటాలు రావడం మొదలైంది. గోడకు ఆనించిన పటాలు గది దాటి వీధిలోకి వచ్చాయి. అందరిదీ ఒకటే మాట, మావాళ్ళ కండ్లు మావాళ్ళకు పెట్టు. సోమప్ప తడిదూదితో ఈరన్న తండ్రి కళ్ళు మెల్లగా తుడిచేశాడు. కుంచె తీసుకుని అడిగాడు.

"మీ నాయన కండ్లు ఎట్లుండె ఈరన్నా?"

"ఎట్లుంటాయి, మా నాయన కండ్ల మాదిరే ఉంటాయి."

"పెద్దవా, చిన్నవా?"

ఈరన్న తలగోక్కున్నాడు. "కోపమొస్తే ఎర్రగుండెప్పా."

"కోపం రానప్పుడు?"

"ఎప్పుడు రాలేదు గనక?" అన్నాడు ఈరన్న. గొంతు తగ్గించి, "మేమెవురూ ఆ మొగంలోకి సూసినోళ్ళం కాదులే సోమప్పా. నేలసూపులే. ఇప్పుడు తల్సుకుంటే నువ్వు రాసినవే కనబడతాండాయి" అన్నాడు. అని, తన మాట తనకే నచ్చక, "అయినా అవి వద్దు!" అని గద్దించాడు.

అందరిదీ అదే కథ. అవ్వ కళ్ళు పిల్లికళ్ళని ఒకరంటే కాదని ఇంకొకరు కొట్టుకున్నారు. చివరికి ఈరన్నే తీర్పు చెప్పాడు: కళ్ళు వద్దు, రెప్పలు మూసి ఉండనీ, ఇల్లు మేము చూసుకుంటాం. సోమప్ప వరసగా కూర్చుని తుడిచాడు. ఒక్కో పటంలో కుడికన్ను, ఆ తర్వాత ఎడమకన్ను. ఒక పల్లె పూర్తయ్యేది, ఇంకో పల్లె బండి వచ్చేది. తిండికి లేచేవాడు కాదు. తుడిచే ముందు ప్రతి పటాన్నీ కాసేపు ఎదురుగా నిలబెట్టుకునేవాడు. బయట కాచుకున్నవాళ్ళు తలుపు తట్టినప్పుడు దూది తడుపుకునేవాడు.

అన్నీ అయిపోయాక ఒకటి రాలేదని తెలిసింది. హనుమక్క తల్లి పటం. సోమప్ప ఆ గుడిసెకు పోయాడు. హనుమక్క మూట కడుతోంది. ఆ యేడు కూడా చెనక్కాయ చేలు ఎండిపోయాయి, కూలి లేదు, బళ్ళారి పక్కకు వలస పోతోంది.

"రా సోమన్నా. నీళ్ళు కావాల్నా?" అంది. ఆ అడగడంలో ఆమెకు అంతా తెలుసని సోమప్పకు తెలిసింది. గోడమీద పటం కళ్ళు తెరిచే ఉంది.

"నీదొకటే మిగిలిండాది. తుడిపించుకోలేదే?"

"ఎందుకు? మాయమ్మ పోయినప్పటి నుంచి పొద్దున లేస్తే దీనితోనే గదా నేను మాట్లాడేది. చౌడి కండ్లని మొదట్లోనే కనిపెట్టినా. ఇద్దరూ ఒకచోట ఉండారు, నాకు వసతి, ఒకేసారి ఇద్దర్తో మాట్లాడొచ్చు అనుకున్యా."

సోమప్ప తనకు ఏదైనా ఇమ్మని ఎవరినీ అడిగిన మనిషి కాదు, నీళ్ళు తప్ప. ఇప్పుడు అడిగాడు. "నాకియ్యి హనుమక్కా."

ఆమె మూట ముడి వేయడం ఆపింది. కోపం రాలేదు, నవ్వూ రాలేదు.

"మాయమ్మనా? ఇస్తే ఆ ఊర్లో నాకెవురుండారు? ఆడ బాస కూడా వేరే."

"నేను ఇంకోటి అచ్చు తీసిస్తా అంటే పలక కడిగేసినా. మళ్ళా పటాన్నే ఫోటో తీద్దామంటే కాగితం లేదు, అనంతపురం పోయి తెచ్చేసరికి..."

"పొద్దున బస్సుకే పోతాండా సోమన్నా. కూలోళ్ళ మేస్త్రీ కాసుకోనుండాడు."

"వానలు పడితే వస్తావా?"

"వానలు పడినప్పుడు అడుగు."

సోమప్ప కాళ్ళు చూసుకుంటూ నిలబడ్డాడు. ఆమె బిందెలో అడుగున ఉన్న నీళ్ళు వంచి చెంబు అందించింది. ఆయన తల ఎత్తి తాగాడు, ఎంతసేపు తాగాలో అంతసేపు. ఆమె తొందరపెట్టలేదు, మూట పని చూసుకుంటూ ఉంది.

పొద్దున బస్సు నిండా వలసజనం. మూటలు పైకెక్కాయి. పటం మూటలో పెడితే పగులుతుందని హనుమక్క ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. సోమప్ప గదిలోంచి రోడ్డు దాటి వచ్చి కిటికీ కింద నిలబడ్డాడు. ఎదురెండకు అద్దం తళతళలాడి, పటంలో మనిషే కనబడలేదు.

"కొంచెం నీ పక్కకు వంచు" అన్నాడు.

ఆమె వంచింది. మెరుపు పోయింది. కుడికన్ను, ఎడమకన్ను. కండక్టరు రైట్ అన్నాడు. ఫోటో తీసేటప్పుడు శవం చుట్టూ నిలబడ్డ చుట్టాలతో అనే మాట సోమప్ప నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"కదలొద్దు."

బస్సు కదిలింది.